నాలుగు చెక్కల ఆత్మపరిశీలన

మా మునిసిపాలిటీకి ఆత్మ ఉందన్న సంగతి మొన్నటి వేసవి దాకా మాకెవరికీ తెలియదు. వాటర్ ట్యాంకు ఉంది, చెత్త బళ్ళు ఉన్నాయి, తుమ్మితే రాలిపడే రికార్డు గది ఉంది. ఆత్మ మాత్రం ఆస్తుల రిజిస్టరులో ఎక్కడా లేదు. దాన్ని కనిపెట్టిన ఘనత మా కమిషనర్ చయనం త్రివిక్రమరావు గారిది.

ఆయన ఏదో కొండ మీద జరిగిన శిక్షణకు వెళ్ళివచ్చారు. విషయం ‘మార్పు, మానసిక స్థైర్యం’. వెళ్ళేటప్పుడు అందరిలాగే మఫ్లరు చుట్టుకుని వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక పేక ఉంది. రమ్మీ ఆడుకునే పేక కాదు, టారో కార్డులట. ఒక దాని మీద సూర్యుడు, ఒక దాని మీద చక్రం, ఒక దాని మీద తలకిందులుగా వేలాడే మనిషి, ఒక దాని మీద గుర్రమెక్కిన ఎముకల గూడు. కొండ మీద ప్రతి ఉదయం ఒక కార్డు తీసి, ఆ బొమ్మను చూస్తూ, నేను దేనికి భయపడుతున్నాను, దేన్ని వదులుకోలేకపోతున్నాను అని తమను తాము ప్రశ్నించుకున్నారట. ఆయనకు కన్నీళ్ళు కూడా వచ్చాయట.

ఇందులో నాకేమీ తప్పు కనిపించలేదు. మనిషన్నవాడు ఒంటరిగా కూర్చుని, ఒక బొమ్మను ముందు పెట్టుకుని, తన మనసుతో తాను మాట్లాడుకుంటే మంచిదే. చిక్కల్లా ఎక్కడంటే, మా ఆఫీసులో ఒంటరిగా చేసే పనంటూ ఏదీ లేదు. తుమ్మినా ప్రాపర్ ఛానల్‌లోనే తుమ్మాలి.

వచ్చిన మర్నాడే సర్కులర్ తీశారు. “ఇందుమూలముగా వేణుగోపాలపట్నం పురపాలక సంఘ సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఏ పనియైనను ప్రారంభించుటకు పూర్వము ప్రతివారును ఒక కార్డును తీసి, అంతర్ముఖులై, సదరు కార్డు యొక్క సందేశమును ఆ దినమంతయు ఆచరణలో పెట్టవలెను. కార్డు తీయకుండ పని ప్రారంభించుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును.” పేకకు సంరక్షకుడిగా నన్ను నియమించారు. నేను అర్జీల సెక్షన్ సూపరింటెండెంటును. నా సెక్షన్లోకి అర్జీలు వస్తాయే గానీ బయటికి పోవు కనుక నాకు తీరిక ఎక్కువని ఆయన ఉద్దేశం.

మొదటి రోజే మా వాళ్ళు ఆత్మపరిశీలనను ఫైల్లో పెట్టేశారు. ఎవరూ చెప్పలేదు, అలవాటు అంతే. ఇంజనీరు వరహాలరాజు గారు ఏ కాగితమూ స్వయంగా రాసి ఎరగరు కనుక, ఆయన ఆత్మను ఆయన గుమాస్తా పరిశీలించి చిత్తుప్రతి తయారుచేశాడు: “అయ్యగారు నేటి ఉదయము తమయందు కొంత అహంకారమును గమనించినారు. ఆమోదము నిమిత్తము సమర్పించడమైనది.” ఇంజనీరు గారు ‘అహంకారము’ కొట్టేసి ‘ఆత్మగౌరవము’ అని దిద్ది సంతకం పెట్టారు. అది కమిషనర్ గారి దాకా వెళ్ళి, “చూచితిని, ఆనందించితిని” అన్న రాతతో తిరిగి వచ్చింది.

రెండో వారంలో పన్నుల సెక్షన్ అప్పలాచారికి ఎముకల గూడు వచ్చింది. దాని పేరు మృత్యువు. మృత్యువంటే చావు కాదు, పాతది పోయి కొత్తది రావడం, అంటే మార్పు అని నేను చిన్న పుస్తకం చూసి చదివి వినిపించాను. అప్పలాచారి శ్రద్ధగా విన్నాడు. మర్నాడు అతని బావమరిది కారుణ్య నియామకానికి దరఖాస్తు పట్టుకొచ్చాడు. దారి తెలియదని అప్పలాచారే వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు. దానికి నిబంధనలు వర్తిస్తాయా లేదా అని న్యాయ సలహాకు రాయాల్సి వచ్చింది.

కమిషనర్ గారు మృత్యువును రద్దు చేసి, మార్పు అన్న భావం చెడకుండా ఆ స్థానంలో ‘బదిలీ’ అనే కార్డు పెట్టించారు. మృత్యువు వచ్చినప్పుడు టీ తాగుతూ నవ్వుకున్న వాళ్ళు, బదిలీ రాగానే పెద్ద మనుషుల ఇళ్ళకు సిఫార్సుల కోసం పరుగులు పెట్టారు. ఒకాయనకు కళ్ళు తిరిగితే సోడా పట్టించాం. చివరికి దాన్నీ తీసేసి ఇంద్రధనుస్సు పెట్టాం.

ఇంతలో వరహాలరాజు గారికి ‘వెర్రివాడు’ వచ్చింది. భుజం మీద మూటతో, ఆకాశం కేసి చూస్తూ, కొండ అంచు నుంచి శూన్యంలోకి కాలు వేస్తున్న కుర్రాడి బొమ్మ అది. ఆయన రోజంతా ఆ కార్డును ఆచరించాలి. ఆ రోజు అయ్యగారి పనితీరులో ఎటువంటి తేడా కనిపించలేదని గుమాస్తా నివేదిక పెట్టాడు. దాంతో పెద్ద గొడవైంది. అధికారి హోదాలో ఉన్నవారికి వెర్రి రావచ్చునా అన్నది సమస్య. కమిషనర్ గారు ఆలోచించి ఆ కార్డు పేరు ‘నిర్భయ పథికుడు’ అని మార్చారు. పేకను కూడా విభజించారు. సూర్యుడు, చక్రవర్తి, నక్షత్రం లాంటివన్నీ అధికారుల పేకలోకి వెళ్ళాయి. సిబ్బందికి కొన్ని దక్కాయి. మిగిలిన ఓర్పు, వేలాడే మనిషి, నిర్భయ పథికుడు ప్రజల పేకలో పడ్డాయి.

ప్రజలకు పేక ఎందుకంటారా? అదే మా కమిషనర్ గారి అసలు ఆవిష్కరణ. సోమవారం అర్జీల రోజు. అర్జీదారు ముందుగా కార్డు తీయాలి. తన సమస్యను లోపలి నుంచి చూసుకోవాలి. చూసుకున్నాక సమస్య బయటిది కాదని, దాని పట్ల తన దృక్పథమే సమస్య అని తెలిసిపోతుంది. దీనికి రబ్బరు స్టాంపు కూడా చేయించారు: ‘అర్జీదారు మార్పును మనస్ఫూర్తిగా అంగీకరించినందున, ఈ విషయము ఆత్మపరిశీలన ద్వారా పరిష్కృతమైనది. ఫైలు మూసివేయడమైనది.’ అంత చక్కటి స్టాంపును నా సర్వీసులో చూడలేదు. దాని ముందు ఏ సమస్యా నిలవలేదు.

నూకరత్నం ఒక్కతే నిలిచింది.

నూకరత్నం మునిసిపల్ హైస్కూల్లో మధ్యాహ్నం వంట చేస్తుంది. ఇల్లు కాలవకు అవతల, గట్టుపేటలో. పేటకీ ఊరికీ మధ్య ఒక కాలినడక వంతెన ఉంది. రెండు ఇనప గర్డర్లు, వాటి మీద చెక్కలు. నడిమధ్యన నాలుగు చెక్కలు ఊడిపోయాయి. వేసవిలో కాలవ కట్టేస్తారు కనుక పిల్లలు కిందికి దిగి బురదలోంచి నడిచి వస్తారు. జూన్‌లో నీళ్ళు వదిలితే దిగడానికుండదు. లాకుల దాకా చుట్టు తిరిగి రావాలంటే బడి గంట కొట్టి పాఠం సగమైపోతుంది. పెద్దవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గర్డరు మీద దాటుతారు.

మే నెలలో మొదటిసారి వచ్చింది.

“చెక్కలు ఏయించండి బాబూ. మా సత్యవేణి పదో క్లాసులోకొచ్చింది. ఉత్తప్పుడే కాలు జారి పడితే మోకాలికి కుట్లేశారు. నీళ్ళొదిలేలోగా ఏయించేత్తే మీ పేరు చెప్పుకుంటాం.”

“ముందు కార్డు తియ్యమ్మా,” అన్నాను.

తీసింది. ఓర్పు వచ్చింది. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్ళు పోస్తున్న దేవత బొమ్మ. పుస్తకం చూసి అర్థం చదివాను.

“ఓర్పు ఉందండి. చెక్కల్లేవు,” అంది నూకరత్నం.

స్టాంపు వేశాను. ఇంజనీరు గారి అభిప్రాయం కూడా అడిగి చూశాను. మార్పును అంగీకరించిన అర్జీకి ఎస్టిమేటు వేయడం సాంకేతికంగా కుదరదని ఆయన గుమాస్తా రాశాడు.

తరువాతి సోమవారం మళ్ళీ వచ్చింది. ఈసారి వేలాడే మనిషి. “లోకాన్ని తలకిందులుగా చూడటం నేర్చుకుంటే కొత్త దారి కనిపిస్తుంది” అని పుస్తకంలో ఉంది. అదే చదివాను.

“మా పిల్ల మొన్న అలాగే సూసిందండి, గర్డరు పట్టుకుని ఏలాడి. దానికి కింద బురద కనపడిందంట. దారేం కనపళ్ళేదు.”

వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. సంరక్షకుడు నవ్వకూడదు. స్టాంపు వేశాను.

మూడోసారి వచ్చినప్పుడు కమిషనర్ గారు హాల్లోనే ఉన్నారు. ఆవిడ మొండితనం ఆయన చెవిన పడింది. తానే స్వయంగా ఎదుట కూర్చున్నారు. నూకరత్నం కార్డు తీసింది. నిర్భయ పథికుడు.

ఆవిడ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. మొహం విప్పారింది.

“ఇది మా వంతెనేనండి! అదిగోండి, ఈ కుర్రోడు కాలెట్టిన సోటే నాలుగు చెక్కల్లేవు.”

కమిషనర్ గారు జాలిగా కళ్ళు మూసి తెరిచారు. “చూడమ్మా. ఆ వంతెన కాలవ మీద లేదు. నీ లోపల ఉంది. ఆ ఖాళీ కూడా నీ లోపలిదే. ముందున్నది చూడకుండా అడుగు వేయడమే స్థైర్యం. ఈ పథికుడు చెక్కల కోసం అర్జీ పెట్టాడా? లేదు. అడుగు వేశాడు. అంతే.”

“ఏసాకేమయ్యాడండి?”

“అది కార్డులో ఉండదు.”

“మరి అదే కదండీ నేనడిగేది,” అంది నూకరత్నం.

ఆయన లేచి వెళ్ళిపోయారు. స్టాంపు మామూలే.

జూన్‌లో నీళ్ళు వదిలారు. కాలవ గట్లు ఒరుసుకుని పారింది. బళ్ళు తెరిచారు. నూకరత్నం వంటకు వస్తూనే ఉంది. గర్డరు మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వస్తుందని విన్నాను. సోమవారం నా బల్ల దగ్గరకు వచ్చింది, కార్డు కోసం చెయ్యి చాచలేదు.

“ఇంక అర్జీ ఎట్టనండి గవర్రాజు గారూ. ఆడపిల్లని ఆ గర్డరు మీద నడిపించి కాలవ పాలు సేసుకోలేను. సదువు మానిపించేత్తున్నాను. రొయ్యల సెడ్డులోకి పనికెల్తానంటంది. ఆ మాట సెప్పి ఎల్దామనొచ్చాను.”

చెప్పి వెళ్ళిపోయింది. నా బల్ల మీద స్టాంపు, సిరా మెత్త, పేక. ఇంట్లో పెట్టుకున్నా పక్కవాళ్ళకు చూపించుకోలేని సామాను. ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళి, ఫైలు సంగతి వదిలేసి మనిషికి మనిషిగా అడిగాను. “నీళ్ళు వదిలాక వంతెన పని అసాధ్యం గవర్రాజు గారూ, సాంకేతికంగా,” అన్నారాయన.

జులైలో మాకు పెద్ద కబురొచ్చింది. వచ్చిన అర్జీలన్నీ వచ్చినట్టే పరిష్కారమైపోతున్న మునిసిపాలిటీ మాదేనని తేలి, మా విధానాన్ని కళ్ళారా చూడటానికి పైనుంచి డైరెక్టరు మృణాళిని గారు వస్తున్నారు. కార్యాలయానికి సున్నం వేశారు. నా బల్లకు పూల గుడ్డ కప్పారు.

సోమవారం హాలు కిటకిటలాడింది. పత్రికలవాళ్ళు కూడా వచ్చారు. కమిషనర్ గారు మార్పు గురించి గంటసేపు మాట్లాడారు. మృణాళిని గారు అంతా విని, “అద్భుతం. అధికారులూ ప్రజలూ ఒకే పేకలోంచి తీస్తారు కదా? నాకు అదే నచ్చింది. మీరొక కార్డు తీసి చూపించండి,” అన్నారు.

కమిషనర్ గారు నా కేసి చూశారు. అధికారుల పేక ఆయన గదిలో బీరువాలో ఉంది. తాళం ఆయన జేబులో ఉంది. నా బల్ల మీద ఉన్నది ప్రజల పేక. డైరెక్టరు గారు అడిగారు, ఇవ్వడం నా విధి. ఇచ్చాను.

ఆయన తీశారు. కొండ అంచున మూటతో కుర్రాడు.

“నిర్భయ పథికుడు!” అని మృణాళిని గారు చప్పట్లు కొట్టారు. “సర్కులర్ ప్రకారం ఈ రోజంతా దీన్ని మీరు ఆచరించాలి. ఎలా ఆచరిస్తారు?”

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరిచేలోగా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. మధ్యాహ్నం భోజనాల వంటకు ఉప్పు కోసం ఇటుగా వచ్చి, జనాన్ని చూసి ఆగిందట నూకరత్నం.

“మా వంతెన ఉందండి. బాబుగారికి తెలుసు. ఆరే సెప్పారు, ముందేముందో సూడకుండా అడుగెయ్యాలని.”

“చాలా బాగుంది, బయలుదేరుదాం,” అన్నారు మృణాళిని గారు.

కార్లు బయలుదేరేలోపు జరిగింది నేను దగ్గరుండి చూశాను. కమిషనర్ గారు వరహాలరాజు గారి చెవిలో ఒక్క మాట అన్నారు. వరహాలరాజు గారు ఫోనులో ఒక్క మాట అన్నారు. డైరెక్టరు గారికి దారిలో పూతరేకులు తినిపించి, కొబ్బరి బొండాలు కొట్టించి, కొత్త పార్కు చూపించారు. మేము గట్టు దగ్గరకు చేరేసరికి వంతెన నడుమ నాలుగు కొత్త చెక్కలు తళతళలాడుతున్నాయి. వడ్రంగి మేకుల డబ్బా సర్దుకుంటున్నాడు. కింద నీళ్ళు నిండుగా పారుతూనే ఉన్నాయి. సాంకేతికంగా ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

కమిషనర్ గారు భుజానికి మూట తగిలించుకున్నారు. ఆకాశం కేసి చూస్తూ, కాళ్ళతో మాత్రం చెక్కలు తడిమి చూసుకుంటూ దాటారు. ఫోటోలు తీశారు. అవతల గట్టు మీద లంగావోణీలో ఒక పిల్ల నిలబడి ఆయన్ను కాదు, చెక్కల్నే చూస్తోంది. మోకాలి దగ్గర కుట్ల మచ్చేదీ నాకు కనిపించలేదు గానీ, ఆ చూపు చూసి సత్యవేణేనని పోల్చుకున్నాను. మర్నాడు ఆ పిల్ల బడికి వచ్చిందని నూకరత్నం స్కూలు గుమ్మంలోంచి నన్ను కేకేసి మరీ చెప్పింది.

మా విధానానికి అవార్డు వచ్చింది. అవార్డు వెనకే స్టోర్స్ నుంచి కాగితం వచ్చింది. ఆ నాలుగు చెక్కలూ ఆగస్టు పదిహేను వేదిక తాలూకువి. హడావిడిలో పట్టుకెళ్ళారు. వాటిని వంతెన ఖాతాలో రాద్దామంటే, వంతెన సమస్య మే నెలలోనే ఆత్మపరిశీలన ద్వారా పరిష్కారమైపోయింది. పరిష్కారమైపోయిన సమస్యను మళ్ళీ పరిష్కరించడం ఆడిట్ దృష్టిలో తీవ్రమైన అక్రమం. మళ్ళీ పరిష్కరించామని ఒప్పుకుంటే మొదటి పరిష్కారం తప్పవుతుంది. అది తప్పైతే అవార్డు తప్పవుతుంది. కమిషనర్ గారు కళ్ళు మూసుకుని లోపలికి చూసుకుని, “చెక్కల్ని యథాస్థానానికి చేర్చండి,” అని ఆజ్ఞాపించారు. ఆ పని నాకే వచ్చింది. అర్జీ నా సెక్షన్‌ది కదా.

ఒక మనిషిని గునపంతో వెంటబెట్టుకుని సాయంత్రం వంతెన దగ్గరకు వెళ్ళాను. బడి వదిలారు. పిల్లలు బిలబిలమంటూ దాటుతున్నారు. వాళ్ళ వెనక నూకరత్నం. గునపం చూసింది. విషయం అడగలేదు. వచ్చి ఆ నాలుగు చెక్కల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సత్యవేణి పుస్తకాల సంచీతో సహా పక్కన కూర్చుంది.

“కార్డు తియ్యమంటారేటండి?” అంది నూకరత్నం.

“అక్కర్లేదమ్మా,” అన్నాను.

“మీరు తీసుకెల్తే తీసుకెల్లండి. మేవిద్దరం దీని మీదే ఉంటాం. మమ్మల్ని కూడా స్టోర్సులో పెట్టుకోండి.”

సత్యవేణి నా కేసి చూసి, “మాస్టారు రేపు లెక్కల పరీక్ష పెడతారండి,” అంది. నా వెంట వచ్చిన మనిషి గునపాన్ని గట్టుకు ఆనించి బీడీ ముట్టించుకున్నాడు.

నేను ఆఫీసుకు తిరిగి వచ్చాను. సర్కులర్ ప్రకారం ఒక కార్డు తీశాను. అదేమిటో ఇప్పుడు గుర్తులేదు. తరువాత నివేదిక రాశాను: “సదరు నాలుగు చెక్కలను స్వయముగా దర్శించి, వాటి ఎదుట కార్డు విధానమును ప్రస్తావించడమైనది. చెక్కలు మార్పును మనస్ఫూర్తిగా అంగీకరించినవి. పూర్వస్థితికి తిరిగి వచ్చు ఉద్దేశము వాటికి లేదు. కావున ఈ విషయము ఆత్మపరిశీలన ద్వారా పరిష్కృతమైనది. ఫైలు మూసివేయడమైనది.” కింద స్టాంపు వేశాను. ఇన్ని నెలల్లో ఆ స్టాంపు వేసేటప్పుడు చెయ్యి బరువెక్కకపోవడం అదే మొదటిసారి.

కమిషనర్ గారు చదవకుండానే, “చూచితిని, ఆనందించితిని” అని రాసి పంపారు.

ఆగస్టు పదిహేను వచ్చింది. మునిసిపల్ హైస్కూలు మైదానంలో వేదిక కట్టారు. చెక్కలు పరుచుకుంటూ పోతే నడిమధ్యన నాలుగు తగ్గాయి. కొత్తవి కొందామంటే, చెక్కల ఫైలు మూతపడింది కనుక స్టోర్స్ పుస్తకాల ప్రకారం వేదిక పూర్తిగానే ఉంది. పైన తివాచీ వేద్దామన్నారెవరో, పడితే ఇంకా ప్రమాదమని మానేశారు. జెండా కొయ్య ఆ ఖాళీకి అవతల ఉంది. మెట్లు ఇవతల ఉన్నాయి.

బ్యాండు మోగింది. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. కమిషనర్ గారు తెల్ల బట్టల్లో మెట్లెక్కి, హుందాగా నడిచి వెళ్ళి, ఖాళీ అంచున టక్కున ఆగిపోయారు. కిందికి చూశారు. ఒక కాలు కొంచెం ఎత్తారు, మళ్ళీ దించారు. బ్యాండువాళ్ళు అదే వరసను రెండోసారి మొదలుపెట్టారు.

వంటశాల గుమ్మంలోంచి నూకరత్నం గొంతు మైదానమంతా వినిపించింది. వెటకారమేమీ లేదు, నిజంగా ధైర్యం చెబుతున్నట్టే ఉంది.

“పర్లేదు బాబూ! కిందికి సూడకుండా ఏసేయండి అడుగు!”

కమిషనర్ గారు చెమటలు తుడుచుకుంటూ నన్ను రమ్మని సైగ చేశారు. వేదిక ఎక్కాను.

“ఏమిటిది గవర్రాజు గారూ? ఇక్కడ చెక్కలేవి? ఇప్పుడు నేనేం చెయ్యాలి?”

ఏ పని మొదలుపెట్టినా ముందు చేయవలసిందేమిటో ఆయన సర్కులర్‌లోనే స్పష్టంగా ఉంది. నేను సంచీలోంచి ప్రజల పేక తీసి, శుభ్రంగా కలిపి, ఆయన ముందు పట్టాను.

“ముందు కార్డు తియ్యండి సార్,” అన్నాను.